నరకం నలుగురి ముందు చదివిన రోజు

పుస్తకం నచ్చకపోతే ఇప్పుడు ఫోన్లో ఒక్క స్టార్ ఇచ్చి చేతులు దులుపుకుంటారట, మా మనవరాలు చెప్పింది. మా కాలంలో ఆ సౌకర్యం లేదు. పుస్తకం నచ్చనివాడు నేరుగా లైబ్రరీకి వచ్చి, నా బల్ల ముందు నిలబడి, దాన్ని నేనే రాసినట్టు నన్ను తిట్టిపోయేవాడు. నచ్చినవాడు మాత్రం ఒక్కనాడూ వచ్చి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న మీలాంటి పిల్లలు "సర్వీసులో మీరు మరిచిపోలేని పుస్తకం ఏది సార్?" అని అడిగి, నేనేదో మహాకావ్యం పేరు చెబుతానని ఎదురుచూస్తారు. చెప్పను. నేను మరిచిపోలేని పుస్తకం ఒక చెత్త నవల. అంత చెత్తను నేను అంతకుముందు చదవలేదు, ఆ తర్వాతా చదవలేదు.

ఎనభైలు ముగిసి తొంభైలు మొదలవుతున్న రోజులవి. మాది ఆత్మకూర్ దిక్కు. అచ్చంపేటలో కొన్నేళ్లు పనిచేశాక బదిలీ మీద పోచంపల్లి పక్కన ఒక నేతగాళ్ల ఊరికి వచ్చాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ల నోళ్లెలాంటివో నాకు తెలుసు. లైబ్రరీ అంటే ఒక పెంకుటిల్లు, ముందు వసారా, వెనక రెండు గదులు. ఆ ఇల్లు ఊరి సావుకారిది. నేతగాళ్లకు నూలిచ్చి చీరలు తీసుకునే పెద్దమనిషి ఆయన. ఊళ్లో సగం మగ్గాలు ఆయన నూలు మీదే ఆడేవి.

జిల్లా నుంచి వచ్చే కట్టల్లో ఏ పుస్తకాలుంటాయో దేవుడికే ఎరుక. ఒకసారి ఆ కట్టలో ఈ నవల దిగింది. అట్ట మీద మంటలు, మంటల్లో పుర్రె, పుర్రె పళ్ల మధ్య ఒక సూది. ఒక సర్జన్ చచ్చి నరకానికి పోతాడు. యమభటులు పగలంతా పాపులను కోస్తారు, నరుకుతారు, నూనెలో వేయిస్తారు. ఈ డాక్టరు వాళ్లను మళ్లీ కుట్టి, మరునాటి కోతకు సిద్ధం చేయాలి. అదీ అతని ఉద్యోగం. సెలవు లేదు, బదిలీ లేదు, పెన్షన్ లేదు. ఆ నవల మొత్తంలో నాకు నిజంగా భయమేసింది ఆ ఒక్క మాటకే. మిగతాదంతా పేగులు. ఎవడో ఒకడు "హా!" అని అరవకుండా ఒక్క పేరా కూడా ముగియదు. రాసినాయన పట్నంలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, లోకాన్ని వణికిస్తున్నాననుకుని రాసి ఉంటాడు.

ఆ పుస్తకాన్ని పై అరలో దుమ్ముకు వదిలేద్దామనుకున్నాను. అరలో ఒక్క రోజు కూడా నిలబడలేదు.

మొదట వచ్చింది రిటైరైన హెడ్మాస్టరు. ఊళ్లో ఆయన చేతి దెబ్బ తినని మగవాడు లేడు.

"గీ పుస్తకం తీసెయ్యాలె. ఊరు ఖరాబైతది," అన్నాడు.

"మీరు చదివారా సార్?"

"నేనా? చేతితోటి ముట్టను గూడ ముట్టను."

"మరి ఖరాబవుతుందని ఎట్లా తెలుసు?"

"అట్ట చూసిన. సాలదా?"

తర్వాత సంఘం కుర్రాడు వచ్చాడు. గడ్డం, భుజాన సంచీ, మాటకు ముందు పిడికిలి. "నరకం పైనెక్కడనో లేదు సార్, గీ ఊర్లెనే ఉన్నది. జనాన్ని పక్కదారి పట్టించెటందుకే గిసుంటివి రాస్తరు," అని ఉపన్యాసమిచ్చి, దాని మీద విమర్శ రాస్తానని ఇంటికి పట్టుకుపోయాడు. గడువు దాటింది, మనిషిని పంపితే గాని పుస్తకం తిరిగి రాలేదు. ఆ విమర్శ ఇప్పటిదాకా రాలేదు.

గుడి అయ్యగారి బాధ వేరు. పాపులను కోయడం ఆయనకు తప్పుగా తోచలేదు, వరస తప్పిందని బాధ. "వైతరణి దాటకముందె నూనెల ఎట్లేస్తరు? తెలవనప్పుడు అడగాలె గద," అని నా మీద ఎగిరాడు, ఆ యమభటులను పనిలో పెట్టింది నేనే అన్నట్టు. దర్జీ సాయిబు మాత్రం నవల మొత్తం చదివి, నెమ్మదిగా కళ్లజోడు తీసి ఒకే మాట అన్నాడు. "సాబ్, గీ డాక్టరుకు కుట్టు రాదు. గంత లావు దారం పెడితె తోలు చినుగుతది. మాది నరకం వేరే, మీది వేరే, గని కుట్టు కుట్టే గద." ఆ నవల మీద నేను విన్న విమర్శల్లో పనికొచ్చేది అదొక్కటే.

ఆడవాళ్లు విమర్శలు చేయలేదు. పుస్తకం కోసం వంతులు వేసుకున్నారు.

ఇక్కడ నేతగాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి చెప్పాలి. మగ్గం ఆడుతుంటే ఎవరి మాట ఎవరికీ వినబడదు. చిటికి కట్టేటప్పుడు అలా కాదు. రంగు ఎక్కకూడని చోటల్లా నూలుకు ముడులు వేసే పని అది. నలుగురైదుగురు ఆడవాళ్లు చట్రం చుట్టూ కూర్చుంటారు. పని చేతులకే, చెవులు ఖాళీ. అందుకని ఒకామె ముడులు మానేసి నవల చదువుతుంది, ఆమె వంతు ముడులు మిగతావాళ్లు పంచుకుని కడతారు. ఆ వీధిలో చదివేది పదో తరగతి దాకా చదివిన ఒకామె. అందరూ చదువులక్క అనేవారు. గొంతు గట్టిది, నోరు అంతకన్నా గట్టిది.

ఆ చదువులక్క చదవడమంటే ఉన్నది ఉన్నట్టు చదవడం కాదు. కథలో పేరు లేని పాపి కనబడితే చాలు, ఊళ్లోవాళ్ల పేరొకటి తగిలించేది. పాలలో నీళ్లు కలిపినవాడిని భటులు కోస్తున్నారని పుస్తకంలో ఉంటే, కోయించుకునేది మా వీధి పాలాయన. కోడలిని ఏడిపించిన అత్త ఉంటే, చట్రం చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి అత్త గుర్తుకొస్తే ఆ అత్త. తూకంలో మోసం చేసిన వ్యాపారిని నూనెలో వేసే అధ్యాయం వచ్చేసరికి, ఇంకెవరు, సావుకారి. ఇంటిపేరుతో సహా, ధోతి అంచు రంగుతో సహా. ఆ అధ్యాయాన్ని మళ్లీ మళ్లీ చదివించుకున్నారట. ముడులు ఎంత గట్టిగా పడ్డాయో ఊహించుకోండి.

ఈ పద్ధతంటే నాకు ఒళ్లు మంట. పుస్తకం ఎంత చెత్తదైనా అందులో అచ్చైనదే చదవాలని నా పట్టుదల. చదువులక్కను పిలిచి మందలించాను కూడా. "మంచిగున్నదాన్ని నేను ముట్టుకుంటనా సారూ? గిది మంచిగ లేదు, జర ఉప్పూ కారం ఏస్తున్న," అంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, వినేవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. పేర్లు అచ్చులోనే ఉన్నాయని నమ్మారు. అచ్చు మీద ఆ రోజుల్లో జనానికి ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. మాట నోటా నోటా పోయి సావుకారి చెవిన పడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన పొద్దున్నే నా ముందు ప్రత్యక్షమయ్యాడు.

"లైబ్రరీ సారూ, మీ పుస్తకంల నన్ను నూనెల ఏయిస్తున్నరట?"

"అట్లాంటిదేమీ లేదండి. కావాలంటే చూడండి," అని పేజీ తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పాతకాలపు మనిషి, చదువంతా ఉర్దూలోనే. తెలుగులో సంతకం తప్ప ఇంకో అక్షరం రాదు. "గీ పేజీల లేకపోతె ఇంకో పేజీల ఉంటది. నిన్ను నమ్ముడెట్ల?" అన్నాడు. చదువులక్క పేరు చెబితే నిమిషంలో తేలిపోయేది. కాని ఆ మరునాడే వాళ్లింటికి నూలు బందయ్యేది. ఆమె మీద ఎంత మండినా ఆ పని నా వల్ల కాలేదు. చివరికి ఆయనే తీర్పు చెప్పాడు.

"ఆయితారం నాడు వసారల చదువొచ్చిన నలుగురి ముంగట చదువు. నా పేరు రాకపోతె సరే. వచ్చిందా, నీ పుస్తకాలు నెత్తిన పెట్టుకోని ఇల్లు ఖాళీ చెయ్యి."

సరేనన్నాను. పైవాళ్లకు పంపే రిపోర్టులో దాన్ని 'పఠనోత్సవం' అని రాశాను. మన శాఖలో ఏది చేసినా ఉత్సవమే కదా.

ఆ ఆదివారానికి ముందు ఇంకొకామె వచ్చింది. చిన్న వయసు, నుదుట బొట్టు లేదు. ఆమె భర్త మంచి నేతగాడు. అంతకు ముందు ఏడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్త, ఇద్దరే. అరలు సర్దుతున్న నా దగ్గరికి వచ్చింది.

"సారూ, గా నరకం పుస్తకంల తమంత తాము సచ్చినోళ్ల ముచ్చటున్నదా?"

ఉంది. ఆ పుస్తకంలో అన్నిటికంటే నీచమైన అధ్యాయం అదే. ఆ రచయిత లొట్టలేసుకుంటూ రాసినట్టు ఉంటుంది. ఏముందో మీకు చెప్పను, దాన్ని మళ్లీ నోటితో అనడం నాకిష్టం లేదు.

"ఎందుకమ్మా?" అన్నాను.

"చదువులక్క గాడికి రాంగనె ఆగింది. కొన్ని పేజీలు ఒక్కపారె తిప్పింది. అందరు ముడులు ఆపి నా దిక్కె చూసిన్రు. గప్పటిసంది మా అత్తకు గదే మాట. నా కొడుకు నరకంల కాలుతుండు, నీ పాపమే తగిలిందని. నిన్న గూడ బువ్వ ముట్టలే. ముసల్ది సచ్చేటట్టుంది సారూ."

"అదంతా కట్టుకథ. రాసినవాడు నరకం చూసొచ్చాడా? ఉత్త అబద్ధం."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అబద్ధమైతె చదవనీకి భయమెందుకు?"

చదువులక్కకు ఎన్ని పేర్లు కలపాలో తెలిసింది గాని, ఆ పేజీలో ఏం కలపాలో తెలియలేదు. పేజీలు తిప్పేసింది. తిప్పిన పేజీల్లో ఏముందో అని ఈ ఇద్దరాడవాళ్లు ఇంట్లో కూర్చుని, ఆ పట్నపాయన రాసినదానికంటే ఘోరమైన నరకాన్ని వాళ్లంతట వాళ్లే కట్టుకున్నారు.

"ఆయితారం చదువుతరట గద. మా అత్తను తోలుకొస్త. గది గూడ చదువున్రి," అని వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున వసారా నిండింది. సభలకు ఇల్లిల్లూ తిరిగి పిలిచినా రాని ఊరు, సావుకారి నూనెలో వేగుతాడా లేదా చూడటానికి మాత్రం చాపలు తెచ్చుకుని మరీ వచ్చింది. సావుకారి కుర్చీలో ముందు వరుస. ముట్టను గూడ ముట్టనన్న హెడ్మాస్టరు ఆయన పక్కనే. అయ్యగారు, దర్జీ సాయిబు, సంఘం కుర్రాడు గోడవారన. చదువులక్క చిటికి కట్టే ఆడవాళ్లందరి మధ్య తల వంచుకుని కూర్చుంది. స్తంభం పక్కన ఆ కోడలు, ఆమె భుజం పట్టుకుని ముసలామె.

చదవడం మొదలుపెట్టాను. పేగులు వచ్చాయి. "హా!" లు వచ్చాయి. తూకం మోసం అధ్యాయం రాగానే సావుకారి ముందుకు వంగాడు. పుస్తకంలో ఉన్నది 'ఒకానొక వ్యాపారి' అని మాత్రమే. వాడిని ముంచారు, తీశారు, కుట్టారు, మళ్లీ ముంచారు. ఎక్కడా పేరు రాలేదు.

సావుకారి తొడ చరుచుకుని నవ్వాడు. "చూసిన్రా? నా పేరున్నదా? ఉత్తగ బద్నాం చేసిన్రు!"

"పేరు లేదు గని తూకం మాత్రం మీదే లెక్కున్నది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. వసారా అంతా గొల్లున నవ్వింది. పేరు లేకపోవడమే ఆయనకు పదివేలు, తూకం సంగతి పట్టించుకోలేదు. లైబ్రరీ ఇల్లు నిలబడింది. నేను పుస్తకం మూయబోయాను.

"సారూ," అని స్తంభం దగ్గర కోడలు లేచింది. "గా ముచ్చట చదువున్రి."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఏ ముచ్చటో ఎవరూ అడగలేదు. అక్కడున్న చదువొచ్చిన వాళ్లలో హెడ్మాస్టరు తప్ప అందరూ ఆ నవల చదివినవాళ్లే. ఆ పేజీల్లో ఏముందో వాళ్లకు తెలుసు. చదువులక్క తలెత్తి, వద్దన్నట్టు నా దిక్కు చూసింది.

పేజీ తీశాను. అక్షరాలు చూశాను. ముసలామె రెండు చేతులూ చెవుల దాకా తెచ్చి పెట్టుకుంది. మూసుకోవాలా వినాలా ఆమెకే తెలియడం లేదు. నాకు ఆ రచయిత మీద పట్టరాని కోపం వచ్చింది. పేజీలోకి చూస్తూనే, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను.

"హా! అని అరిచాడు పెద్ద భటుడు. ఎవరితడు? ఇతని వంతు ఇంకా రాలేదే, ఎవరు పిలిచారు? ఎవరూ పిలవలేదని చెప్పాడు చిన్న భటుడు. డాక్టరు సూది పట్టుకుని దగ్గరికి వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశాడు. ఇతనికి కుట్టడానికి ఏమీ లేదు, పడవలసిన బాధంతా అక్కడే పడి వచ్చాడు అన్నాడు. పెద్ద భటుడు తల దించుకున్నాడు. అయితే ఇతనికి ఇక్కడ జాగా లేదు, మంచినీళ్లిచ్చి పంపించండి అన్నాడు. గేటు తీశారు. అతను వెనక్కి తిరిగి చూడకుండా చల్లటి గాలిలోకి నడిచి వెళ్లిపోయాడు."

మంచి వాక్యాలేమీ కావు. ఆ చెత్త రచయితలా రాయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అయ్యగారు లేచి వరస తప్పిందంటాడేమో అనుకున్నాను. సంఘం కుర్రాడు ఉపన్యాసం అందుకుంటాడేమో అనుకున్నాను. దర్జీ సాయిబు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇన్నాళ్లుగా ఆ పుస్తకంలో ప్రతి పేగు మీదా కొట్లాడుకున్న ఊరు, ఒక్క మాట మాట్లాడలేదు.

ముసలామె లేచింది. జనం మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి నా చేతిలో పుస్తకం లాక్కుంది. నేను చదివిన చోట వేలు పెట్టి, తిన్నగా హెడ్మాస్టరు ముందుకు పోయింది. ఆమె కొడుకుకు అ ఆ లు దిద్దించింది ఆయనే.

"పంతులూ, నువ్వు అబద్ధమాడవు. నా కొడుకు నీ తాన చదివిండు. గిండ్ల గట్లనే ఉన్నదా?"

హెడ్మాస్టరు ముట్టనన్న పుస్తకాన్ని ముట్టుకున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ చదివాడు. ఆ పేజీలో ఉన్నది చదువుతుంటే ఆయన ముఖం రంగు మారడం నేను చూశాను. పేజీ తిప్పి అవతలిదీ చదివాడు. జీవితమంతా పిల్లలను అబద్ధమాడినందుకు కొట్టిన మనిషి.

ఆయన పుస్తకం మూశాడు.

"గట్లనే ఉన్నదమ్మా. అక్షరం గూడ పొల్లు పోలె."

ముసలామె అక్కడే కూలబడి ఏడ్చింది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపటికి ముసలామె తన కొంగుతో కోడలి ముఖం తుడిచింది. సావుకారి లేచి, కండువా సవరించుకుని వెళ్లిపోయాడు. ఆయనకూ ఒక కొడుకున్నాడు.

మరునాడు పొద్దున్నే హెడ్మాస్టరు నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నేను ఆ పుస్తకంల చదివింది గా రెండు పేజీలె. రాసినోడు ఒక వెధవ. గని నువ్వు వాని కంటె అధ్వాన్నంగ రాస్తవయ్యా. గసుంటి నవలలు రాసెటోడు జాగా అని రాస్తడా? చోటు అంటడు. నరకానికి గేటేంది, సర్కారు దవాఖాన లెక్క? ఇంకోపారి అబద్ధం చదివితె జర పద్ధతిగ చదువు."

మెచ్చుకోలు కోసం ఎదురుచూసిన నాకు బుద్ధి లేదు. ఆ పుస్తకం తీసెయ్యాలన్న మాట మాత్రం ఆయన మళ్లీ ఎత్తలేదు.

తర్వాత కొన్నాళ్లకు చదువులక్క తీసుకుపోయిన ఆ నవల గడువు దాటినా తిరిగి రాలేదు. అడగాలని ఒక మధ్యాహ్నం ఆ వీధిలోకి పోయాను. మగ్గాల చప్పుడు లేదు, చిటికి కడుతున్నారు. గొంతు వీధిలోకే వినబడుతోంది. సావుకారి ఇంటిపేరుతో సహా నూనెలో మునుగుతున్నాడు, ఆడవాళ్లు నవ్వుతున్నారు. అచ్చులో లేదని నలుగురి ముందు రుజువైనా సరే, ఆయనకు విముక్తి లేదు. లోపలికి పోయి కేకలేద్దామని అడుగు వేశాను.

అంతలో పేజీలు తిప్పిన చప్పుడు. "ఇతనికి ఇక్కడ జాగా లేదు, మంచినీళ్లిచ్చి పంపించండి," అని చదువులక్క చదువుతోంది. నా మాటలు, నా తప్పుల గేటుతో సహా. తలుపు సందులోంచి చూశాను. చట్రానికి ఒక పక్క కోడలు, ఆమె పక్కన ముసలామె, ఇద్దరూ ముడులు కడుతున్నారు. చదువులక్క వంతు ముడులు ముసలామె ముందు పెట్టి ఉన్నాయి.

చదవడం ఆగింది. నేను పుస్తకం అడగకుండానే వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో, లోపల నుంచి ముసలామె గొంతు వినబడింది.

"గాడ మల్లొక్కపారి చదువు బిడ్డా. గేటు తీసిన కాన్నుంచి."